ఐదు రాతి తోరణాలు, ఒక కెమెరా: ఎవరు ఎక్కడికి వెళ్లాలి?

కోనసీమలో బావి తవ్వితే మట్టి వస్తుంది, ఇసుక వస్తుంది, నీళ్లు వస్తాయి. రాయి మాత్రం రాదు. గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు మీద పుట్టి పెరిగినవాళ్లం. ఆనకట్టకు కావలసిన రాయిని కూడా డెల్టాకు తలాపున ఉన్న ధవళేశ్వరం కొండల నుంచే తీశారు. అక్కడి నుంచి సముద్రం దాకా కొబ్బరి తోటలు, వరిచేలే తప్ప కొండన్నది లేదు. అందుకేనేమో, మా వైపు ఫోటోలు తీసేవాళ్లకు కొండల మీద మనసు ఎక్కువ. అందులోనూ బండరాయి మధ్య తలుపు తెరిచినట్టు ఆకాశం కనిపించే సహజ తోరణాలంటే మరీను.

ఈ మధ్య నన్ను రెండు రకాలవాళ్లు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. మొదటివారు కాకినాడ, భీమవరం, అమలాపురం వైపు కుర్రవాళ్లు. చేతిలో మంచి ఫోనో, కొత్తగా కొన్న కెమెరానో ఉంటుంది. శని, ఆదివారాల్లో వెళ్లి రావాలి. రెండోవారు పిల్లలను చూడడానికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు. ఆరు నెలల్లో ఒక్క దూరప్రయాణం కుదురుతుంది, ఆ ఒక్కటీ ఎటు పెట్టుకోవాలన్నది వారి సందేహం. నేను వెళ్లి ఫోటోలు తీసిన ఐదు చోట్లను పక్కపక్కన పెట్టి చెబుతాను: విశాఖ దగ్గర మంగమారిపేట తోరణం, తిరుమల శిలాతోరణం, అమెరికాలో యూటా రాష్ట్రంలోని మీసా ఆర్చ్, డెలికేట్ ఆర్చ్, కాలిఫోర్నియాలోని మోబియస్ ఆర్చ్.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

అందరూ మొదట అడిగేది తోరణం ఎంత పెద్దదని. ఫోటోకు అది చివరి సంగతి. మొదట అడగవలసింది అందులోంచి ఏం కనిపిస్తుందని. వెనుక ఖాళీ ఆకాశమే ఉంటే ఎంత పెద్ద తోరణమైనా రాతికి పడిన చిల్లులా ఉంటుంది. వెనుక మంచు కప్పిన శిఖరం ఉంటే మనిషి ఎత్తు రంధ్రం చాలు.

రెండోది, తోరణానికీ మీకూ మధ్య ఎంత చోటుందన్నది. దీన్ని చాలామంది పట్టించుకోరు, కొండ నేపథ్యం ఉన్న ఫోటో నిలిచేదీ పడిపోయేదీ మాత్రం ఇక్కడే. మండువా లోగిలి ఉన్న ఇంట్లో ఒకసారి ప్రయత్నించి చూడండి. వీధి గుమ్మానికి ఆనుకుని నిలబడితే ద్వారబంధం కళ్ల నిండా ఉంటుంది, వీధి చివరి గుడి గోపురం అందులో వేలెడంతే. అక్కడి నుంచి వెనక్కి నడిచి మండువా దాటి దేవుడి గది దగ్గర నిలబడండి. ద్వారబంధం చిన్నదైపోతుంది, గోపురం మాత్రం దాదాపు ముందున్నంతే ఉండి ఆ గుమ్మాన్ని నింపేస్తుంది. తోరణం దగ్గర జరిగేదీ ఇదే. రాతికి దగ్గరగా వెళ్లి 16 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సుతో తీస్తే తోరణం ఘనంగా, వెనుక పర్వతం చీమంతగా వస్తాయి. ఇరవై అడుగులు వెనక్కి జరిగి 50, 70 మిల్లీమీటర్లకు తిప్పితే పర్వతం తోరణం నిండా కూర్చుంటుంది. వెనక్కి జరగడానికి చోటు లేని తోరణం దగ్గర ఆ రెండో ఫోటో మీకు ఎప్పటికీ రాదు.

మూడోది వెలుగు. సూర్యుడు తోరణానికి అవతల లేస్తాడా, మీ వీపు వెనుక లేస్తాడా అన్నది ముందే తెలుసుకోవాలి. అవతల లేస్తే రాయి నల్లబడి ఆకాశం తెల్లగా పేలిపోతుంది. అప్పుడు ఒకే చోటు నుంచి వెలుగు తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు ఫోటోలు తీసి కలుపుకోవాలి. ఫోనులో హెచ్‌డీఆర్ చేసే పని అదే. వీపు వెనుక లేస్తే అంత కష్టం లేదు, కానీ వెలుగు అందంగా ఉండేది కొన్ని నిమిషాలే.

మోకాళ్ల సంగతి, వెంట వచ్చేవారి ఓపిక సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

| తోరణం | లోంచి కనిపించేది | మంచి వేళ | నడక | ప్రధానమైన ఇబ్బంది |
|---|---|---|---|---|
| మంగమారిపేట | సముద్రం, ఆకాశం | సూర్యోదయం, పాటు (నీరు వెనక్కి లాగే వేళ) కలిసిన రోజు | రోడ్డు దిగి ఇసుకలో కొద్ది దూరం | పోటు వస్తే దగ్గరకు వెళ్లలేం |
| శిలాతోరణం | చెట్లు, ఆకాశం | ఉదయం, మంచు విడే వేళ | చాలా తక్కువ | కంచె |
| మీసా | లోయలు, లా సాల్ పర్వతాలు | సూర్యోదయం | రానూపోనూ కిలోమీటరు పైచిలుకు | రద్దీ, వెనుక అగాధం |
| డెలికేట్ | లా సాల్ పర్వతాలు | సూర్యాస్తమయానికి ముందు గంట | రానూపోనూ సుమారు 5 కిలోమీటర్లు | ఎక్కుడు, నీడ లేకపోవడం |
| మోబియస్ | విట్నీ, లోన్ పైన్ శిఖరాలు | సూర్యోదయానికి అటూ ఇటూ | సుమారు ఒక కిలోమీటరు | ఒకరిద్దరికే చోటు |

మంగమారిపేట: దగ్గరిది, కానీ పంచాంగం చూసి వెళ్లాలి

విశాఖ నుంచి భీమునిపట్నం వెళ్లే బీచ్ రోడ్డులో, బౌద్ధారామం ఉన్న తొట్లకొండకు దిగువన, సముద్రపుటొడ్డున ఉంది ఈ తోరణం. కాకినాడ నుంచి అర్ధరాత్రి దాటాక కారులో బయలుదేరితే తెల్లవారేసరికి చేరుకోవచ్చు. నేను మొదటిసారి అలాగే వెళ్లాను. వెళ్లేసరికి పోటు నిండుగా ఉంది. అలలు తోరణం కాళ్లను కొడుతున్నాయి, ఇసుక జాడ లేదు. ఒడ్డునే నిలబడి సూర్యోదయమంతా చూశాను. నీళ్లు వెనక్కి తగ్గేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది.

అంతర్వేది, ఓడలరేవు వైపు వాళ్లకు పోటు పాట్ల లెక్క కొత్త కాదు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు, ఒక్కో రోజుకు ముప్పావు గంట పైచిలుకు వెనక్కి జరుగుతాయి. అమావాస్య, పౌర్ణములప్పుడు నీరు ఎక్కువ దూరం లాగుతుంది. అయితే నీరు బాగా లాగిన రోజున ఆ పాటు తెల్లవారుజామునే రావాలని లేదు. విశాఖ రేవు పోటు పాట్ల పట్టిక ముందు పెట్టుకుని, సూర్యోదయమూ పాటూ కలిసే రోజును వెతికి ఆ రోజే బయలుదేరండి. నెలలో అలాంటివి కొన్ని రోజులే ఉంటాయి.

ఇక్కడ సూర్యుడు సముద్రం మీదనే లేస్తాడు కాబట్టి ఒడ్డు వైపు నుంచి తీస్తే రాయి నల్లగా వస్తుంది. ఆ నలుపును నలుపుగానే ఉంచి, లోపల అలల మెరుపును పట్టుకోవడమే నాకు నచ్చుతుంది. కొండల నేపథ్యం కావాలంటే సముద్రం వైపు తిరిగి కాక, పాటు పూర్తిగా లాగినప్పుడు పక్కకు జరిగి తొట్లకొండ వాలు కలిసివచ్చే కోణం వెతుక్కోవాలి. అది తోరణంలోంచి కొండ కాదు, తోరణం పక్కన కొండ. ఆ తేడాకు ఒప్పుకుంటేనే వెళ్లండి.

చెప్పులు విప్పకండి. రాతికి అంటిన గుల్లలు అరికాలిని బ్లేడులా కోస్తాయి, నాచు మీద కాలు నిలవదు. ఉప్పుగాలికి లెన్సు మీద పది నిమిషాల్లో మసక పొర పడుతుంది. పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి, ముందు కాస్త తడిగుడ్డ అద్ది తీయాలి. ఇంటికి రాగానే ట్రైపాడ్ కాళ్లను మంచినీళ్లతో కడగండి. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో అసలు ఆ వైపు వెళ్లవద్దు.

శిలాతోరణం: ఫోటో కష్టం, వెళ్లడం మాత్రం తప్పదు

తిరుమలలో ఆలయానికి ఉత్తరంగా కిలోమీటరు దూరంలో, చక్రతీర్థానికి వెళ్లే దారిలో ఉంది. వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన క్వార్ట్‌జైట్ రాయి, గాలికీ నీటికీ అరిగి ఇలా మిగిలింది. భూగర్భ శాస్త్రవేత్తల దృష్టికి 1980లలో వచ్చింది, ఇప్పుడు జాతీయ భూవారసత్వ స్థలాల్లో ఒకటి. ఘాట్ రోడ్డు మీద బస్సు మలుపులు తిరుగుతున్నప్పుడు రెండు వేరు వేరు యుగాల రాళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చున్న గీత కూడా కనిపిస్తుంది. దాన్ని ఎపార్కియన్ విషమవిన్యాసం అంటారు. నూటికి తొంభైమంది ఆ మలుపులో కళ్లు మూసుకుని గోవిందనామం చెబుతూ వెళ్లిపోతారు. ఈసారి కిటికీ పక్కన కూర్చోండి.

కెమెరా దృష్టితో నిజం చెప్పాలంటే, ఇక్కడ చేతులు కట్టేసినట్టుంటుంది. చుట్టూ కంచె, ముందు ఉద్యానవనం. తోరణం కిందికి వెళ్లలేం, వెనక్కి జరిగి పర్వతాన్ని నింపడానికి వెనుక పర్వతం లేదు. మధ్యాహ్నం వెళితే రాయికీ కంచెకూ ఒకే రంగు ఎండ. డ్రోను కొండ మీద ఎక్కడా ఎగరేయకూడదు. కాబట్టి ఆ మొత్తాన్ని ఒక్క చట్రంలో ఇరికించాలనే ఆలోచన మానేసి, పొడవు లెన్సు (దూరపుదాన్ని దగ్గరగా చూపించేది) పెట్టి రాతి పొరలను తీయండి. రెండు బండలను కలిపే ఆ సన్నటి వారధి దగ్గర పొరలు పుస్తకం పుటల్లా పేర్చినట్టుంటాయి. వాన వెలిసిన ఉదయం రాయి తడిసి ముదురు రంగుకు తిరిగినప్పుడు ఒక్కో పొర విడిగా కనిపిస్తుంది. ఈశాన్య రుతుపవనాల నెలల్లో మంచు దిగితే వెనుక చెట్లన్నీ చెరిగిపోయి తోరణం ఒక్కటే మిగులుతుంది. కంచె మీది నీటిబొట్ల దాకా కనిపించే ఆ పది నిమిషాల కోసం నేను రెండు రోజులు ఉదయం వేచి ఉన్నాను.

ఒక జాగ్రత్త. దర్శనం వరుసలోకి ఫోన్లు, కెమెరాలు అనుమతించరు. ఉదయం శిలాతోరణం చూసుకుని, సామాను గదిలోనో భద్రపరిచే కౌంటర్లోనో పెట్టి, ఆ తర్వాత దర్శనానికి వెళ్లేలా వేళలు చూసుకోండి.

యూటాలో రెండు: ఒకటి మోకాళ్లకు సులువు, ఒకటి కళ్లకు పండుగ

మీసా ఆర్చ్ కేనియన్‌ల్యాండ్స్ జాతీయ పార్కులో ఉంది, డెలికేట్ ఆర్చ్ ఆర్చెస్ జాతీయ పార్కులో. రెండింటికీ మోయాబ్ ఊళ్లో బస చేయవచ్చు. సాల్ట్ లేక్ సిటీ నుంచి అక్కడికి కారులో నాలుగు గంటల దూరం.

మీసా దగ్గర నడక ఇంచుమించు మన వీధి చివర కిరాణా కొట్టు దాకా వెళ్లి వచ్చినంత. తోరణం సరిగ్గా కొండ అంచున ఉంటుంది, అవతల వందల అడుగుల అగాధం. సూర్యుడు లేవగానే కిందనున్న కొండచరియ మీద ఎండ పడి, ఆ వెలుగు పైకి తిరిగి కొట్టి తోరణం అడుగు భాగాన్ని వెలిగిస్తుంది. ఆ రంగు చూడగానే నాకు రాత్రిపూట మా ఊరి ఇటుక బట్టీ నోటి దగ్గర కనిపించే ఎరుపు గుర్తొచ్చింది. రాయి లోపల ఎవరో నిప్పు రాజేసినట్టు ఉంటుంది, పైన మాత్రం చల్లటి నీడ. సూర్యుడు పైకి వస్తున్నకొద్దీ ఆ ఎరుపు పలచబడుతుంది.

దీనికి చెల్లించే మూల్యం రద్దీ. అందరికీ తెలిసిన చోటు, అందరికీ కావలసింది ఒకే క్షణం. సూర్యోదయానికి గంటన్నర ముందే వెళ్లి చోటు పట్టుకోవాలి. ఒకసారి ట్రైపాడ్ పెట్టాక కదలలేరు, వెనక్కి జరిగి పొడవు లెన్సు వాడదామంటే ముందున్నవారి తలలే వస్తాయి. అంటే ఇక్కడ దాదాపుగా వెడల్పు లెన్సు ఫోటోయే. లా సాల్ పర్వతాలు చిన్నగానే వస్తాయి, ఆ లోటును అడుగు భాగపు ఎరుపు తీరుస్తుంది.

డెలికేట్ ఆర్చ్ దీనికి పూర్తిగా ఎదురు. తోరణం ఖాళీ 14 మీటర్ల ఎత్తు, 10 మీటర్ల వెడల్పు. నున్నటి రాతిపలక మీద దాదాపు 150 మీటర్లు ఎక్కాలి, దారిలో చెట్టు నీడ లేదు. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. పైకి చేరాక మాత్రం చోటుకు కొదవ లేదు. పెద్ద రాతి గిన్నె అంచున కూర్చున్నట్టు ఉంటుంది. ఎంత వెనక్కైనా జరగవచ్చు. 70 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్సు తిప్పితే మంచు పట్టిన లా సాల్ శిఖరాలు తోరణం పక్కకూ లోపలికీ వచ్చి నిలబడతాయి. సాయంత్రపు ఎండ మీ వెనుక నుంచి తోరణం మీద పడుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు) తంటాలు కూడా తక్కువ. రద్దీ ఇక్కడా ఉంటుంది. తోరణం కింద నిలబడి ఫోటో దిగేవారి వరుస ఆగదు. విసుక్కోకండి, ఒకరిని ఉండనిస్తే తోరణం ఎంత పెద్దదో చూసేవారికి తెలుస్తుంది.

దిగేటప్పటికి చీకటి పడుతుంది, తలకు కట్టుకునే దీపం మరచిపోవద్దు. రాత్రి నక్షత్రాలతో తీయాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: ఈ రెండు పార్కుల్లోనూ టార్చి వేసి తోరణాన్ని వెలిగించి ఫోటో తీయడం నిషేధం, డ్రోన్లు నిషేధం, తోరణాలు ఎక్కడమూ నిషేధమే. ఆ కట్టుబాట్లు నాకు సబబుగానే తోస్తాయి. ఆర్చెస్ పార్కులోనే వాల్ ఆర్చ్ 2008 ఆగస్టులో ఒక రాత్రి కూలిపోయింది. లాండ్‌స్కేప్ ఆర్చ్ నుంచి 1991లో పెద్ద పెచ్చు ఊడిపడింది. రాయి గట్టిదే, కానీ తోరణమైన రాయి అప్పటికే సగం పడిపోయిన రాయి.

మోబియస్: కొండ కావాలన్నవారికి నా మొదటి ఎంపిక

కాలిఫోర్నియాలో లోన్ పైన్ ఊరి పక్కన అలబామా హిల్స్ ఉన్నాయి. పేరుకు హిల్స్, చూపుకు గుండ్రటి బండల రాశులు. కూర్చున్న ఏనుగుల్లా ఉంటాయి. వెనుకనున్న సియెరా నెవాడా కొండల గ్రానైటే ఇదీ, భూమి లోపలి తేమకు మూలలు అరిగి ఇలా గుండ్రబడింది. ఆ బండల నడుమ మోబియస్ ఆర్చ్. డెలికేట్ పక్కన పెడితే ఆటబొమ్మంత. కానీ అందులోంచి చూడండి: అలాస్కాను మినహాయిస్తే అమెరికాలో కెల్లా ఎత్తైన విట్నీ శిఖరం, 4,421 మీటర్లు.

చాలామంది ఇక్కడ పొరపడతారు. తోరణంలోంచి పెద్దదిగా కనిపించే కోణాకారపు శిఖరం విట్నీ కాదు, లోన్ పైన్ శిఖరం. అది దగ్గరగా ఉండడంతో ఎత్తుగా అనిపిస్తుంది. విట్నీ దానికి కుడివైపున, వెనగ్గా, పళ్ల దువ్వెనలా నిలబడిన రాతి మొనల పక్కన ఉంటుంది. ఏది కావాలో ముందే నిర్ణయించుకుంటే నిలబడవలసిన చోటు కూడా తేలిపోతుంది. ఒక అడుగు పక్కకు జరిగితే ఒక శిఖరం పోయి మరొకటి వస్తుంది.

ఇక్కడ మీరు చూసేది పడమర వైపు. సూర్యుడు మీ వెనుక లేస్తాడు. నేల మీద ఇంకా చీకటి ఉండగానే పైన శిఖరం మొనకు గులాబీ రంగు అంటుకుంటుంది, అది మెల్లగా కిందికి జారుతూ బంగారు రంగుకు తిరుగుతుంది. ఆ రంగు కొండపాదాన్ని తాకేసరికి గులాబీ పోతుంది. తోరణం మీదికి ఎండ వచ్చేసరికి శిఖరం తెల్లబడిపోతుంది. రెండూ ఒకేసారి అందంగా వెలగవు, అందుకే శిఖరం గులాబీగా ఉన్నప్పుడు ఒకటి, తోరణానికి ఎండ తగలగానే ఒకటి తీసుకుని, ఇంటికి వచ్చాక నచ్చినదాన్ని ఉంచుకోండి. నేను గులాబీ రంగుదే ఉంచుకున్నాను.

తోరణం మీకు రెండు మూడు అడుగుల్లో, శిఖరం మైళ్ల దూరంలో ఉంటాయి. రెండూ స్పష్టంగా రావాలంటే కెమెరాలో లెన్సు రంధ్రాన్ని చిన్నది చేసే ఎఫ్ 11, ఎఫ్ 16 అంకెల దాకా వెళ్లాలి, లేదా రాతి మీద ఒకసారి, కొండ మీద ఒకసారి ఫోకస్ చేసి రెండింటినీ కలపాలి. ఫోనుకు ఈ బాధ లేదు. దాని సెన్సరు చిన్నది కాబట్టి దగ్గరిదీ దూరపుదీ వాటంతటవే స్పష్టంగా వస్తాయి. మా వైపు పెద్దవాళ్లు ఫోనుతో వెళ్లడానికి మొహమాటపడతారు, ఇక్కడ మాత్రం అక్కర్లేదు.

ప్రవేశ రుసుము లేదు. లాస్ ఏంజెలెస్ నుంచి కారులో సుమారు మూడున్నర గంటలు. పిల్లలు శాన్ ఫ్రాన్సిస్కో వైపు ఉంటే మాత్రం ముందే ఆలోచించుకోండి, శీతాకాలంలో సియెరా మీదుగా వెళ్లే కనుమ దారులు మంచుకు మూతపడతాయి, చుట్టుదారి చాలా పొడవు. ట్రైపాడ్ ఒకటో రెండో మాత్రమే పట్టే చోటు కాబట్టి ఇక్కడా ముందే చేరుకోవాలి. మేము వెళ్లినప్పుడు అప్పటికే ఒకాయన ఉన్నారు. ఆయన తీసుకున్నాక పక్కకు జరిగి మాకు చోటిచ్చారు. అక్కడ అలవాటు అదేనట.

ఎవరికి ఏది

మొదటి కెమెరా, ఒక్క సెలవురోజు, కాకినాడ నుంచో రాజమండ్రి నుంచో బయలుదేరేవారు మంగమారిపేటతో మొదలుపెట్టండి. ఖర్చు పెట్రోలే. పోటు లెక్క తప్పితే మళ్లీ వెళ్లవచ్చు, ఆ వెసులుబాటు మిగతా నాలుగింటికీ లేదు. ఎలాగూ కుటుంబంతో తిరుపతి వెళుతున్నవారు అదనంగా ఒక ఉదయం కొండ మీద ఉండి శిలాతోరణం చూడండి, దానికోసమే ప్రత్యేకంగా రైలెక్కమని చెప్పను.

అమెరికాకు వెళ్లే పెద్దవారికి మోకాళ్ల నొప్పులుంటే డెలికేట్ వద్దు. పిల్లలు ఎంత బలవంతపెట్టినా వద్దు. ఎక్కడం కన్నా చీకట్లో నున్నటి రాతి మీద దిగడం కష్టం. మీసా, మోబియస్ రెండూ మీరు హాయిగా నడవగలిగినవే. చలి మాత్రం రెండు చోట్లా కొరుకుతుంది. ఎడారి ప్రాంతాలు, తెల్లవారుజాము వేళ మన సంక్రాంతి చలి దాని ముందు లెక్కలోకి రాదు. ఓపిక, సత్తువ ఉన్న నలభై లోపువారు మాత్రం డెలికేట్‌నే పట్టుకోండి, ఐదింటిలో అంత స్వేచ్ఛగా కదిలి తీయగలిగిన చోటు మరొకటి లేదు.

ఇక మీసానా, మోబియసా అన్న దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. టిక్కెట్లు కొనకముందు ఒక ఆదివారం పొద్దున పి.గన్నవరం వెళ్లండి. వైనతేయ పాయ మీద 1850లలో కట్టిన పాత అక్విడక్టుకు (కాలువను నది మీదుగా దాటించే వంతెన) 49 కమానులున్నాయి. నీరు తగ్గిన నెలల్లో ఒడ్డు దగ్గర ఒక కమానును ఎంచుకుని, అందులోంచి అవతలి గట్టు మీది కొబ్బరి చెట్లు కనిపించేలా మూడు ఫోటోలు తీయండి. ఒకటి కమాను చేతికి అందేంత దగ్గర నుంచి, ఒకటి ఇరవై అడుగుల నుంచి, ఒకటి వంద అడుగుల నుంచి జూమ్ చేసి. ఇంటికి వచ్చి మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఇంట్లోవాళ్లకు కూడా చూపించండి. మీ చెయ్యి దగ్గరి ఫోటో మీదికే వెళుతుంటే మీసాకు వెళ్లండి. కొబ్బరి చెట్లు కమానును నింపేసిన ఫోటో దగ్గర ఆగితే లోన్ పైన్‌లో గది మాట్లాడమని పిల్లలకు చెప్పండి.

వచ్చాక కెమెరాను బట్టల బీరువాలో పెట్టకండి. మన డెల్టా తేమకు ఒక వర్షాకాలంలో లెన్సు లోపల సాలెగూడులాంటి బూజు పడుతుంది, అది పట్టాక తీయించడం చాలా ఖర్చు. మూత బిగుతుగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచి, ఆ గింజలు రంగు మారినప్పుడల్లా వేడి చేసి ఆరబెట్టుకోండి.